రోజూ బెత్తం దెబ్బలు, వరండాలో శిక్ష.. ఆ పిల్లాడే జిడ్డు కృష్ణమూర్తి!

క్లాసులో పాఠం నడుస్తుంటే ఆ పిల్లాడి ధ్యాస ఎక్కడో ఉండేది. అడిగిన దానికి జవాబు వచ్చేది కాదు. టీచర్ బెత్తంతో కొట్టి వరండాలో నిలబెట్టేవాడు. ఆ తర్వాత మర్చిపోయేవాడు కూడా! బడి వదిలినా పిల్లాడు అక్కడే నిలబడి ఉండేవాడు. తమ్ముడు నిత్య వచ్చి, చేయి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లేవాడు.

ఇది 1909లో మద్రాసులో జరిగిన సంగతి. ఆ పిల్లాడే తర్వాత ప్రపంచమంతా తిరిగి మాట్లాడిన జిడ్డు కృష్ణమూర్తి.

ఆయన పుట్టింది 1895 మేలో, మదనపల్లెలో. తండ్రి నారాయణయ్య రెవెన్యూ ఉద్యోగి. చిన్నప్పుడే మలేరియా పట్టుకుంది. దాంతో ఒక ఏడాది బడికే వెళ్లలేదు. పదేళ్ల వయసులో తల్లి సంజీవమ్మ చనిపోయింది. చదువులో వెనకబడ్డాడు. చూసినవాళ్లంతా మందబుద్ధి అనేశారు.

కానీ అదే పిల్లాడు ఒకసారి ఇంట్లో గడియారం మొత్తం విప్పేశాడు. మళ్లీ బిగించే దాకా బడికి పోలేదు, అన్నం ముట్టలేదు. పాఠం మీద నిలవని మనసు గడియారం మీద నిలిచింది. బడిలో మాత్రం దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

అదే ఏడాది దివ్యజ్ఞాన సమాజం వాళ్లు ఆయన్ను చేరదీశారు. దెబ్బల బడి మాన్పించి అడయార్‌లోనే పాఠాలు చెప్పించారు. కొన్ని నెలల్లోనే ఇంగ్లిష్ పట్టుబడింది. అలాగని పరీక్షల భయం పోలేదు. ఇంగ్లండ్‌లో యూనివర్సిటీ ప్రవేశ పరీక్షలు పదే పదే తప్పారు. తమ్ముడు నిత్య మాత్రం లా పూర్తి చేశాడు. 1925లో క్షయతో నిత్య కన్నుమూయడం కృష్ణమూర్తిని కుదిపేసింది.

1929లో తనను జగద్గురువుగా చూపించిన సంస్థను ఆయనే రద్దు చేశారు. భయం, పోలిక ఉన్నచోట చదువు రాదని జీవితాంతం చెప్పారు. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ స్కూల్ ఆ ఆలోచనతోనే నడుస్తోంది. 1986 ఫిబ్రవరి 17న అమెరికాలోని ఓహాయ్‌లో, 90 ఏళ్ల వయసులో మరణించారు.

ఆయనకు ఆటిజం ఉందనో, ఏడీహెచ్‌డీ ఉందనో ఇప్పుడు తేల్చలేం. అలాంటి ప్రతి పిల్లాడూ కృష్ణమూర్తి అవుతాడని చెప్పడమూ తప్పే. కానీ నల్గొండ, పాలమూరు ఊళ్లలో 'మీవాడు మొద్దు' అన్న మాట పడుతున్న అమ్మానాన్నలకు ఈ కథలో ఒక ధైర్యం ఉంది. బడి వేసిన ముద్రే చివరి మాట కాదు.

సాయం కూడా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని, నేర్చుకోవడంలో ఇబ్బందులను గుర్తించింది. మండలాల్లోని భవిత కేంద్రాల్లో ప్రత్యేక టీచర్లు ఉంటారు. మీ ఊరి సర్కారు బడి హెడ్మాస్టర్‌ను అడిగితే వివరాలు చెప్తారు. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి దగ్గర, మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలో పరీక్షలు చేసి, ఇంటి దగ్గర ఎలా నేర్పాలో తల్లిదండ్రులకూ చూపిస్తారు.

అందాకా ఇంట్లో చేయాల్సింది ఒకటుంది. నిత్య చేసిన పనే. కొట్టకుండా, తిట్టకుండా, చేయి పట్టుకుని ఇంటికి తీసుకురావడం.