కలియుగ భీముడి ఊపిరి... మనకో పాఠం

విజయనగరం అనగానే మీకు గురజాడ, ఆదిభట్ల, ద్వారం గుర్తుకొస్తారు. వాళ్ల సరసన తప్పక చెప్పుకోవాల్సిన మరో పేరు కోడి రామమూర్తి నాయుడు. అందరూ ఆయన కండల గురించే మాట్లాడతారు. ఈ వారం ఆయన ఊపిరి గురించి తెలుసుకుందాం.

రామమూర్తి 1880ల తొలినాళ్లలో వీరఘట్టంలో పుట్టారు. చిన్నప్పుడే తల్లి పోయింది. విజయనగరంలో పోలీసు శాఖలో పనిచేసే పినతండ్రి ఇంట్లో పెరిగారు. చదువు కంటే కసరత్తు మీదే ధ్యాస. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, తాను చదివిన విజయనగరం హైస్కూల్లోనే వ్యాయామ ఉపాధ్యాయుడయ్యారు. తర్వాత సర్కస్ పెట్టి దేశమంతా తిరిగారు. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి తెంచేవారు. రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకునేవారు. లండన్ వెళ్లి అయిదో జార్జి చక్రవర్తి మెప్పు కూడా పొందారు.

ఈ విద్యలన్నింటికీ మూలం ప్రాణాయామం, మనసును ఒకేచోట నిలపడం. చివరి రోజుల్లో కాలికి పుండు పడి, కాలే తీసేయాల్సి వచ్చింది. మత్తు మందు వద్దని, ఊపిరి మీద దృష్టి నిలిపి ఆ కోత భరించారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1942 సంక్రాంతి రోజుల్లో ఒడిశాలోని బలంగీర్‌లో కన్నుమూశారు.

ఈ కథ విన్నాక మీకో ఆలోచన రావచ్చు. మీ ఇంట్లో స్కిజోఫ్రేనియాతోనో, బైపోలార్‌తోనో బాధపడే తమ్ముడో, కూతురో ఉంటే, మాత్రలు మాన్పించి ప్రాణాయామం చేయిస్తే నయమైపోదా అని. దయచేసి ఆ పని చేయకండి. మల్లయోధుడి సాధన వేరు, రోగికి ఇచ్చే చికిత్స వేరు.

రామమూర్తి ఊపిరిని బిగబట్టారు. మైండ్‌ఫుల్‌నెస్‌లో ఊపిరిని బిగబట్టరు, ఊరికే గమనిస్తారు. 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ ఈ పద్ధతిని దీర్ఘకాలిక నొప్పులు, ఒత్తిడి ఉన్నవారికి నేర్పడం మొదలుపెట్టారు. తర్వాత పదే పదే తిరగబెట్టే డిప్రెషన్‌కు వాడారు. చెవిలో మాటలు వినబడే సైకోసిస్ రోగులకు తగినట్టుగా బ్రిటన్‌లో పాల్ చాడ్విక్ వంటి సైకాలజిస్టులు దాన్ని మార్చారు.

ఆ మార్పులు ఏమిటంటారా? ఒక్కో విడత పది నిమిషాలు దాటదు. మధ్యలో ఎక్కువసేపు మౌనం ఉండదు, శిక్షకుడు మాట్లాడుతూ దారి చూపిస్తుంటారు. మాటలు వినబడకుండా చేయడం లక్ష్యం కాదు. అవి వస్తున్నా వాటితో తగువు పడకుండా, అవి చెప్పినట్టు చేయకుండా, మళ్లీ ఊపిరి మీదికో, నేలను తాకే పాదాల మీదికో మనసును తెచ్చుకోవడం నేర్పుతారు. మాటలు ఆగకపోయినా వాటి పెత్తనం తగ్గడమే మేలు.

ఇది మందులకు తోడే గానీ, మందులకు బదులు కాదు. రోజుల తరబడి మౌన ధ్యాన శిబిరాల్లో కూర్చున్నాక కొందరిలో లక్షణాలు ముదిరిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అందుకే జబ్బు ఉద్ధృతంగా ఉన్నప్పుడు, నిద్ర పట్టని రోజుల్లో సొంతంగా మొదలుపెట్టించకండి. సైకియాట్రిస్టును అడిగాకే, శిక్షణ ఉన్నవారి దగ్గరే చేయించండి. మధ్యలో భయం, కంగారు పెరిగితే వెంటనే ఆపించి డాక్టరుకు చెప్పండి.

గాలి సోకిందని తాయెత్తుల కోసం తిరుగుతూ నెలలు పోగొట్టుకోవద్దు. మన ప్రాంతం వారికి విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడిదాకా వెళ్లలేకపోతే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.

ఏనుగును మోసే ముందు రామమూర్తి ఏళ్ల తరబడి శిక్షణ పొందారు. మీ ఇంట్లో మనిషి మోస్తున్న బరువు కూడా తక్కువేమీ కాదు. అతణ్ణి ఒంటరిగా మోయనివ్వకండి.