గుంటూరు డాక్టరమ్మ

సంచిక కోసం ఎవరైనా మహనీయుల జీవితం వ్రాసివ్వమని సంపాదకవర్గం మిత్రులు అడిగారు. నాయకులూ, కవులూ ఏటేటా వస్తూనే ఉన్నారు కదా, ఈసారి ఒక సన్యాసినిని గురించి వ్రాస్తానన్నాను. కొందరు నవ్వారు లెండి.

చదువు ముగియగానే మనలో చాలామంది చూపు హైటెక్ సిటీ మీద, గచ్చిబౌలి మీద ఉంటుంది. ఆ దారి పొడుగునా పెద్ద పెద్ద కార్పొరేట్ ఆస్పత్రులున్నాయి. డబ్బున్నవాడికి అక్కడ దొరకని వైద్యం లేదు. ఇదే మహానగరంలో, సికింద్రాబాదులో, భారత కాథలిక్ ఆరోగ్య సంఘం కేంద్ర కార్యాలయం ఉంది. దేశమంతటా మూడువేలకు పైగా ఆస్పత్రులూ, డిస్పెన్సరీలూ అందులో సభ్యులు. చాలామట్టుకు పల్లెపట్టుల్లో, డాక్టరు పేరు వినడమే గగనమైన చోట్ల పనిచేసేవి. ఆ సంఘం పుట్టింది మాత్రం 1943లో, గుంటూరులో. దాన్ని నెలకొల్పిన సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ గురించే నేను చెప్పబోయేది.

అసలు పేరు మేరీ గ్లౌరీ. 1887 జూన్ 23న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, బిర్రెగర్రా అనే చిన్న ఊళ్ళో పుట్టింది. ఐరిష్ మూలాల కుటుంబం, తొమ్మిదిమంది పిల్లలు. స్కాలర్‌షిప్ సంపాదించుకుని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో మొదట ఆర్ట్స్‌లో చేరి, తండ్రి ప్రోత్సాహంతో వైద్యానికి మారింది. 1910లో పట్టా పుచ్చుకుంది. ఆడవాళ్ళు డాక్టరు చదవడమే వింతగా ఉన్న రోజులవి. ఆ తరువాత మెల్‌బోర్న్‌లో కంటి వైద్యురాలిగా మంచి ప్రాక్టీసు, పేరూ వచ్చాయి. అక్కడే స్థిరపడిపోతే ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

1915లో ఆమె చేతికో చిన్న పుస్తకం వచ్చింది. అది ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాటిష్ డాక్టరు గురించి. ఇండియాలో ఆడవాళ్ళు మగ డాక్టరు చేత చూపించుకోలేక, పురుడు పోయలేని స్థితిలో తల్లులూ బిడ్డలూ రాలిపోతున్నారని ఆ పుస్తకం సారాంశం. చదివిన రోజే మేరీ తన దారి ఏదో తేల్చుకుందంటారు. కానీ వెంటనే ఓడ ఎక్కలేదు. 1916లో మెల్‌బోర్న్‌లో కాథలిక్ మహిళల సాంఘిక సంఘానికి తొలి అధ్యక్షురాలైంది. ఒకపక్క ప్రపంచయుద్ధం జరుగుతుండగా, పనిచేసే ఆడవాళ్ళ బాగోగుల కోసం పాటుపడిన సంఘమది. ఇంకోపక్క ప్రసూతి, స్త్రీ వ్యాధులు, కంటి వైద్యాల్లో పైచదువు చదివి 1919లో ఎం.డి. పూర్తిచేసింది. వెళ్ళే చోటికి ఏ విద్య కావాలో ముందే చూసుకుని నేర్చుకు మరీ వచ్చింది!

1920 ఫిబ్రవరిలో గుంటూరు చేరి, జె.ఎం.జె. సిస్టర్ల సభలో ప్రవేశించింది. తెనాలిలో మహిళా కళాశాల నడిపేది ఈ సభవారే. వీరి మూలం హాలండు.

ఇక్కడొక చిక్కుంది. అప్పటి చర్చి నిబంధనల ప్రకారం సన్యాసినులు వైద్యవృత్తి చేయకూడదు, పురుళ్ళు పోయడమైతే మరీనూ. ఆడవాళ్ళ ప్రాణం నిలబెట్టేందుకు వచ్చిన డాక్టరును ఆ నిబంధనే ఆపాలి! ఎదిరించి పేచీ పెట్టుకోలేదామె. పోప్ పదిహేనవ బెనెడిక్ట్ నుండి ప్రత్యేక అనుమతి వచ్చింది, పని సాగింది. అందరు సిస్టర్లకూ ఆ తలుపు తెరుచుకున్నది 1936లో. అప్పటికామె పదహారేళ్ళుగా గుంటూరులో ఆ పని చేస్తూనే ఉంది. సన్యాసినులు వైద్యం చేస్తే ఏదో మునిగిపోతుందన్నవారికి ఇంతకంటే జవాబేముంటుంది?

సిస్టర్ల చిన్న డిస్పెన్సరీ క్రమంగా సెయింట్ జోసఫ్స్ ఆస్పత్రి అయింది. చాలా ఏళ్ళపాటు డాక్టరు ఆమె ఒక్కతే. నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి మరొకటుంది. ఇక్కడి అమ్మాయిలకే మందులు కలపడం, నర్సుపని, మంత్రసానిపని నేర్పింది. మన నాటు మూలికలను తేలికగా తీసిపారేయక, పరిశీలించి వాడుకుంది. ఎం.డి. చేసిన దొరసాని ఇక్కడి మొక్కల దగ్గర విద్యార్థినిగా కూర్చోవడం చిన్న విషయం కాదు. మన వైద్య విద్యార్థులు ఎంతమంది ఆ పని చేస్తారో వారినే అడగాలి.

ఒక ఊరి ఆస్పత్రి చాలదని ఆమెకు తెలుసు. 1943 జూలైలో కొద్దిమంది సిస్టర్లను కూడగట్టి, విడివిడిగా పనిచేస్తున్న ఆస్పత్రులను ఒక తాటిమీదికి తెచ్చే సంఘాన్ని గుంటూరులో ప్రారంభించింది. మొదట్లో పదహారుమందే. దేశానికి స్వరాజ్యం ఇంకా రాలేదు, యుద్ధం ఆగలేదు, అక్కడ బెంగాలులో కరువు. అలాంటి ఏడాదిలో ఆస్పత్రుల ఐక్యత గురించి ఆలోచించడానికి గుండెనిబ్బరం కావాలి.

ఇంకో కోరిక ఉండేది: ఇక్కడివారినే డాక్టర్లుగా తయారుచేసే కాథలిక్ వైద్య కళాశాల. దాని కోసం ఆమె ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉంది. ఈలోగా క్యాన్సర్ పట్టుకుంది. 1957 మే 5న బెంగుళూరులో కన్నుమూసింది. బెంగుళూరులోనే సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ 1963లో తెరిచారు.