ఆల్ఫ్రెడ్ మార్షల్ పండితుడు

కళాశాలలలో అర్థశాస్త్రము చదువువారికి ఆల్ఫ్రెడ్ మార్షల్ అను పేరు క్రొత్తది గాదు. వెల పెరిగినకొలది వస్తువునకు గిరాకి యెట్లు తగ్గునో గీతలు గీచి చూపునపుడెల్ల వారు కొంతవరకు ఆయన త్రోవనే నడచుచున్నారు. కాని ఆయనను గ్రంథకర్తగా నెరిగినంతగా ఉపాధ్యాయునిగా నెరిగినవారు తక్కువ. అర్థశాస్త్రమున పరిశోధకులు కాగోరు యువకులకు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఒక ప్రత్యేక విద్యాక్రమమును సంపాదించుటకై ఆయన పదునెనిమిది సంవత్సరములు పాటుపడెను. ఈ వ్యాసమున ముఖ్యముగా చెప్పదలచినది ఆ సంగతియే.

ఆయన 1842వ సంవత్సరము జూలై 26వ తేదీన లండను నగరమునందలి బెర్మాండ్సీ అను పేటలో జన్మించెను. తండ్రి విలియం మార్షల్ ఇంగ్లండు బ్యాంకున ఉద్యోగి, దైవభక్తి గలవాడు, కఠినుడు. కుమారుడు మతబోధకుడు కావలెనని ఆయన కోరిక. అందుచే రాత్రి చాల ప్రొద్దుపోవువరకు బాలుని ప్రక్కన గూర్చుండబెట్టుకొని హీబ్రూ భాష నేర్పుచుండెను. చదరంగమాడుట కాలహరణమని మాన్పించెను. గణితగ్రంథము కంటబడిన ఆయనకు సరిపడదు. పాపము, బాలునికి ప్రీతియంతయు గణితము నందే! అతడు యూక్లిడ్ రేఖాగణితమును జేబులో దాచుకొని బడికి బోవుచు, దారిలో నొక సిద్ధాంతమును జదివి, పుస్తకము మూసి, నడచుచునే దానిని మనస్సులో సాధించుచుండెను. చిక్కువచ్చినచోట వీధిలోనే నిలిచిపోయెడివాడు.

మర్చంట్ టైలర్స్ పాఠశాలలో చదువు ముగించునప్పటికి ఆక్స్‌ఫర్డులో ప్రాచీనభాషలు చదువుటకు వేతనము సిద్ధముగానుండెను. దానిని గైకొనినచో తండ్రి కోరిన మార్గము నిష్కంటకము. మార్షల్ దానిని వలదనెను. ఆస్ట్రేలియాలో ధనమార్జించిన తండ్రి సోదరుడొకడు అప్పుగా సొమ్మిచ్చి ఆదుకొనగా, కేంబ్రిడ్జియందలి సెంట్ జాన్స్ కళాశాలలో గణితవిద్యార్థిగా జేరి, 1865లో గణితపరీక్షలో రెండవవాడుగా నెగ్గెను. మొదటివాడు పిదప రేలీ ప్రభువని ప్రఖ్యాతిగాంచిన భౌతికశాస్త్రజ్ఞుడు. మార్షల్ ఆ యేటనే తన కళాశాలలో ఫెలో అయ్యెను. కొలదికాలము క్లిఫ్టన్‌లో గణితము బోధించి ఆ యప్పు దీర్చివేసెను.

ఇట్టి గణితవేత్త అర్థశాస్త్రము వైపు మరలుట యెట్లు? పేదల దురవస్థ తప్పనిదా యను ప్రశ్న ఆయనను వేధింపసాగెను. అర్థశాస్త్రము తెలిసినయెడల నీవిట్లు మాటలాడవని మిత్రుడొకడు ఎత్తిపొడువగా మిల్ గ్రంథమును చదివెను. అంతటితో తృప్తినొందక, సెలవులలో అనేక నగరములకు బోయి మిక్కిలి పేదలుండు పేటలలో వీధివెంట వీధి తిరుగుచు అచ్చటి మనుష్యుల ముఖములను పరికించెను. ఆ కాలముననే యొక దుకాణములో తైలవర్ణచిత్రమొకటి ఆయన కంటబడెను. బ్రతుకున ఓడిపోయిన యొక నిరుపేద దీనవదనము అందుండెను. కొన్ని షిల్లింగులిచ్చి దానిని కొని, తన గదిలో ఎదుట నుంచుకొని, తాను ఎవరికొరకు చదువుచున్నాడో మరువకుండుటకు దానిని చూచుచుండెడివాడు.

1877లో ఆయన మేరీ పేలీని వివాహమాడెను. ఆమె కేంబ్రిడ్జిలో స్త్రీలకై వెలసిన న్యూనం కళాశాలయొక్క తొలి విద్యార్థినులలో నొకతె. 1874లో నీతిశాస్త్రముల ఆనర్సు పరీక్షలో గెలుపొందియు స్త్రీ యగుటచే పట్టము పొందజాలని విదుషీమణి. ఫెలోలు అవివాహితులై యుండవలెనని ఆనాటి కట్టుబాటు. కావున మార్షల్ తన పదవిని వదలి బ్రిస్టల్‌లోని కళాశాలకు అధ్యక్షుడుగా బోయెను. అచ్చట భార్యయు పాఠములు చెప్పెను. దంపతులిరువురు గలిసి 1879లో పరిశ్రమలను గూర్చిన పాఠ్యగ్రంథమును వెలువరించిరి. మూత్రపిండమున రాయి యేర్పడి మార్షల్ ఆరోగ్యము చెడగా 1881లో ఆ యుద్యోగమును వదలి ఇటలీలో నొక సంవత్సరము విశ్రమించిరి. 1883లో ఆక్స్‌ఫర్డు బేలియల్ కళాశాలలో, మన దేశమునకు సివిల్ సర్వీసు ఉద్యోగులై రానున్న యువకులకు ఆయన అర్థశాస్త్రము చెప్పెను. తరువాత 1899లో హిందూదేశపు నాణెములను విచారించిన సంఘము ఎదుట సాక్ష్యమిచ్చుటయు గలదు.

1885లో కేంబ్రిడ్జిలో అర్థశాస్త్రాచార్య పదవి లభించెను. పీఠము గొప్పదే, కాని శిష్యులేరీ? ఆ విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రమునకు ప్రత్యేకముగా ఆనర్సు పరీక్ష లేదు. నీతిశాస్త్రముల పరీక్షలో అది యొక భాగము. చరిత్ర పరీక్షలో మరియొక ముక్క. అర్థశాస్త్రము కోరి వచ్చిన విద్యార్థి తర్కమును, మనశ్శాస్త్రమును, నీతితత్త్వమును గూడ మోయవలసి యుండెను. అందుచే బుద్ధిమంతులు దూరముననే తొలగిపోవుచుండిరి. ఈ శాస్త్రమున పరిశోధన చేయువానికి వ్యాపారరీతులు, కార్మికుల జీవనము, ద్రవ్యవినిమయము, చరిత్ర, గణాంకములు, ఇవియన్నియు తీరుబడిగ నేర్చుటకు మూడేండ్లు చాలునా యని మార్షల్ చింత. ఉన్న పద్ధతిలో మూడు నెలలైనను చిక్కుటలేదు. 1890లో 'అర్థశాస్త్ర సూత్రములు' అను మహాగ్రంథము వెలువడి కీర్తి వ్యాపించినను ఆయన యీ సంగతిని విడువలేదు. సభలలో వాదించెను, కరపత్రములు వ్రాసెను, తనతో నేకీభవింపని మిత్రులకు విసుగు గలిగించెను. తుదకు 1902లో గట్టి విజ్ఞాపన మొకటి ప్రకటింపగా, మరుసటి యేట, 1903లో, అర్థశాస్త్రమునకు ప్రత్యేకమైన ఆనర్సు పరీక్ష యేర్పడెను. అప్పటికి ఆయనకు అరువదియొక యేడు.

పరీక్ష యేర్పడెను గాని బోధించువారికి జీతములకు సొమ్ము లేదు. విశ్వవిద్యాలయము ఆధారము చూపని యువ అధ్యాపకునకు, ఒక్కొక్కప్పుడు ఇరువురకు, ఏటికి నూరు పౌనుల చొప్పున మార్షల్ తన సొంత డబ్బునుండియే ఇచ్చెను. ఆయన ధనికుడు గాడని యిచ్చట గుర్తింపవలెను.

ఆయన బోధన విచిత్రమైనది. ఉపన్యాసమును పొల్లుపోకుండ వ్రాసికొని పరీక్షలో ఒప్పగించువారు ఆయనకు నచ్చరు. ఏదో యొక విషయమునుండి మరియొక విషయమునకు బోవుచు, విద్యార్థి తనంతట తానాలోచించునట్లు చేయుట ఆయన పద్ధతి. ఇంటికి బోయి వ్రాసి తెచ్చిన సమాధానములను మాత్రము ఎర్రసిరాతో నిండ దిద్ది, కొన్ని యెడల విద్యార్థి వ్రాసినంత తానును వ్రాసి యిచ్చెడివాడు. బేలియల్ క్రాఫ్ట్ అను తన యింటికి వచ్చినవారికి తేనీరిచ్చి, సంభాషించి, పోవునపుడు చేతినిండ పుస్తకములిచ్చి పంపును. 1905లో జాన్ మేనార్డ్ కేన్సు అను యువకుడు గణితము ముగించి ఆయనయొద్దకు వచ్చి కొలది వారములే చదివెను. ఆ వ్రాతలను జూచి మార్షల్ అతనిని అర్థశాస్త్రజ్ఞుడవు కమ్మని పట్టుపట్టి ప్రోత్సహించెను. ఆ యువకుడేమయ్యెనో లోకమెరుగును. తాను గణితమున అంతవాడయ్యు, గణితమును సంక్షేపలిపివలె వాడుకొని, ఫలితమును సామాన్యభాషలోనికి మార్చి, లోకమునుండి నిదర్శనము జూపి, పిమ్మట ఆ లెక్కలను తగులబెట్టుమని 1906లో నొక శాస్త్రజ్ఞునకు వ్రాసెను. ఈ యుపదేశమును నేటి పరిశోధకులెందరు పాటింతురో!

1908లో పదవి విరమించునపుడు, చిరకాలమిత్రుడగు ఫాక్స్‌వెల్‌ను గాదని, ముప్పదేండ్ల శిష్యుడగు పిగూ పక్షమున నిలిచెను. ఫాక్స్‌వెల్ మనస్సు విరిగెను. శాస్త్రాభ్యుదయమునకై చేసిన పనియే కావచ్చును. చేదు మాత్రము మిగిలెను. ఇంతకంటె సమర్థింపరాని దింకొకటి గలదు. 1896, 97 సంవత్సరములలో స్త్రీలకు పట్టములీయవలెనను ప్రయత్నము జరుగగా మార్షల్ దానిని తీవ్రముగ నెదిర్చెను. దంపతులు గలిసి వ్రాసిన గ్రంథమును గూడ ఆయనయే అచ్చునుండి తొలగనిచ్చెను. పేదల ముఖములను వీధులలో వెదకి చూచినవాడు తన యింటిలోని పండితురాలి హక్కును చూడలేకపోవుట మనకు వింతగ దోచును. ఆమె మాత్రము ఏనాడును ఫిర్యాదు జేసినట్లు కానరాదు.

మార్షల్ 1924 జూలై 13వ తేదీన స్వగృహమునందే మరణించెను. ఆయన పుస్తకములన్నియు విశ్వవిద్యాలయమునకు జెంది, మార్షల్ పేర అర్థశాస్త్ర విద్యార్థులకు గ్రంథాలయమయ్యెను. మేరీ మార్షల్ వృద్ధురాలయ్యు సైకిలు మీద అచ్చటికి వచ్చి, వేతనము లేకయే, పడుచు విద్యార్థులకు పుస్తకములు తీసియిచ్చుచు, పట్టికలు సవరించుచు చాలకాలము పనిచేసెను. ఆమె 1944లో కన్నుమూసెను. కేంబ్రిడ్జి స్త్రీలకు పట్టములిచ్చినది 1948లో.