నాయనమ్మ పెంచిన బిడ్డ, ఊరిని కదిలించిన నాయకుడు



నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం వాళ్లకు పెనుగంచిప్రోలు అనగానే తిరుపతమ్మ తల్లి గుడి, పక్కనే పారే మున్నేరు గుర్తొస్తాయి. తిరునాళ్లకు మనమంతా పిల్లలతో వెళ్లి వస్తూనే ఉంటాం. ఆ ఊళ్లోనే 1889 జూన్ 2న ఒక గొప్ప వ్యక్తి పుట్టారన్న సంగతి మాత్రం మన పిల్లల్లో చాలామందికి తెలియదు. విజయవాడలో ఆంధ్రరత్న భవన్ ముందు నుంచి ఎన్నోసార్లు వెళ్లి ఉంటాం. ఆ భవనం పేరులోని ఆంధ్రరత్న ఆయనే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు.

ఈ నెల ఆయన జీవితం గురించి చెప్పడానికి ఒక కారణం ఉంది. వృద్ధుల సేవలో పిల్లలు కొంత సమయం గడపాలని అన్నప్పుడల్లా తల్లిదండ్రుల్లో కొందరికి ఒక సందేహం వస్తుంది. స్కూలు, ట్యూషన్, వారం వారం పరీక్షలు ఉండగా ముసలివాళ్ల దగ్గర గడిపే గంట వల్ల పిల్లవాడికి వచ్చేదేమిటి? ఇది న్యాయమైన ప్రశ్నే. నూరేళ్ల క్రితం యువకులను సేవాదళంగా తయారుచేసిన ఈ పెనుగంచిప్రోలు బిడ్డ జీవితంలో దానికి జవాబు దొరుకుతుంది.

పెద్దల చేతుల్లో బాల్యం

గోపాలకృష్ణయ్య గారి తండ్రి కోదండరామస్వామి గారు బడిపంతులు. తల్లి సీతమ్మ గారు. బిడ్డ పుట్టిన మూడో రోజునే తల్లి కన్నుమూశారు. మూడో ఏట తండ్రి కూడా పోయారు. అప్పటి నుంచి ఆ పిల్లవాడిని పెంచింది నాయనమ్మ, పినతండ్రి. చిన్నప్పటి చదువు కూచినపూడిలో, హైస్కూలు చదువు గుంటూరులో సాగాయి.

ఒక పెద్దావిడ బాధ్యత తీసుకోకపోయి ఉంటే ఆ పసివాడు ఏమయ్యేవాడో ఊహించడం కష్టం కాదు. మన ఇళ్లలో కూడా అమ్మానాన్నలు ఉద్యోగాలకు వెళ్తే పిల్లలకు అన్నం పెట్టి బడికి పంపేది నాయనమ్మో అమ్మమ్మో. కొన్నేళ్లు గడిచేసరికి అదే పెద్దావిడకు మాత్ర వేసుకోమని గుర్తు చేయడానికి కూడా మనవడికి తీరిక ఉండదు. అందులో తప్పంతా పిల్లవాడిది కాదు. అది తన పని అని అతనికి ఎవరూ చెప్పి ఉండరు.

తాలూకా ఆఫీసు నుంచి ఎడింబరోకు

గుంటూరులో చదువుకునే రోజుల్లోనే ఆయన తోటి పిల్లలను కూడగట్టి జాతీయ నాట్యమండలి పెట్టి సంగీత, నాటక ప్రదర్శనలు ఇచ్చారు. పదిమందిని ఒకచోట చేర్చి పని చేయించే నేర్పు అప్పుడే మొదలైంది. చదువయ్యాక బాపట్ల తాలూకా ఆఫీసులో కొన్నాళ్లు ఉద్యోగం చేశారు. ఆ రోజుల్లో సర్కారు కొలువంటే జీవితానికి భరోసా. ఆయన మాత్రం అక్కడ ఆగలేదు. 1911లో మిత్రుడు నడింపల్లి నరసింహారావు గారితో కలిసి స్కాట్లండు వెళ్లి, ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎం.ఎ. పూర్తి చేశారు.

విదేశాల్లో ఉండగానే ఆయనకు కళాపండితుడు ఆనంద కుమారస్వామి గారితో పరిచయమైంది. నందికేశ్వరుడు సంస్కృతంలో రాసిన నాట్యశాస్త్ర గ్రంథం అభినయ దర్పణాన్ని ఇద్దరూ కలిసి ఇంగ్లీషులోకి అనువదించారు. 1917లో హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయం దాన్ని అచ్చువేసింది. అప్పటికి ఆయన వయసు ముప్ఫై కూడా లేదు. మన పల్లెటూళ్లో పుట్టిన కుర్రవాడు అంత పెద్ద విశ్వవిద్యాలయాలు చూసి, పాతకాలం మనుషులు దాచిన విద్యకు ఎంత విలువ ఉందో గ్రహించాడు. తిరిగి వచ్చాక కూడా పాత కళలన్నా, జానపద విద్యలన్నా ఆయనకు ఆ గౌరవం తగ్గలేదు. వాటిని నిలబెట్టడానికి చీరాలలో ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి అనే సంస్థను స్థాపించారు.

స్వదేశం వచ్చి రాజమండ్రిలోను, బందరులోను కొంతకాలం పాఠాలు చెప్పారు. తర్వాత ఉద్యోగాలు వదిలి పూర్తిగా జాతీయోద్యమంలోకి వచ్చారు. చీరాలను తన ఊరుగా చేసుకున్నారు.

రామదండు

చీరాలలో ఆయన చేసిన మొదటి పెద్ద పని యువకులతో ఒక స్వచ్ఛంద సేవాదళాన్ని తయారుచేయడం. దానికి రామదండు అని పేరు పెట్టారు. రాముడి వెంట నడిచిన వానరసేన పేరు అది. జీతం లేదు, పదవి లేదు. ఒక క్రమశిక్షణ, ఒకే రకం దుస్తులు, చెప్పిన పని చెప్పిన చోట చేయడం, అంతే.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో విజయవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగాయి. పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా నమూనా చూపించింది ఈ సమావేశాలప్పుడే. గాంధీజీని చూడాలని పల్లెల నుంచి జనం వెల్లువలా వచ్చారు. మైకులు లేని రోజులు, పైగా బెజవాడ ఎండ. ఆ జనంలో తొక్కిసలాట జరగకుండా చూసే బాధ్యత రామదండు తీసుకుంది. నాయకుల ప్రసంగాలు చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కాయి. ఆ కుర్రాళ్ల పేర్లు ఎక్కడా కనపడవు. సేవలో ఉండే మొదటి కష్టం ఇదే. బాగా చేసిన పని ఎవరి కంటా పడదు.

ఊరు ఊరంతా కదిలింది

ఆ తర్వాత కొన్ని రోజులకే అంతకన్నా పెద్ద పరీక్ష వచ్చింది. చీరాల, పేరాల అప్పట్లో గుంటూరు జిల్లాలో పక్కపక్కనే ఉన్న ఊళ్లు. ఎక్కువమంది చేనేత కార్మికులు, చిన్న రైతులు, కూలీలు. 1919లో ప్రభుత్వం ఈ రెండింటినీ కలిపి మునిసిపాలిటీ చేయాలని తలపెట్టింది. దాంతో ఏడాదికి 4,000 రూపాయలు ఉన్న పన్ను ఏకంగా 40,000 అయింది. రోజు కూలితో బతికే ఇళ్లకు అది మోయలేని భారం. జనం మొరపెట్టుకున్నా ప్రభుత్వం వినలేదు. పన్ను కట్టం అన్నందుకు 1921 జనవరిలో పన్నెండు మందికి జైలు శిక్ష పడింది. ఆ పన్నెండు మందిలో ఒక వృద్ధురాలు కూడా ఉన్నారు. చేతకాని వయసు అని మనం పక్కన కూర్చోబెట్టే మనిషి ఊరి కోసం జైలుకు వెళ్లారు.

విజయవాడ సమావేశాల తర్వాత గాంధీజీ చీరాల వచ్చారు. ఆయన రెండు దారులు చెప్పారు. ఒకటి, ఏ హింసా లేకుండా పన్ను నిరాకరించి ఎన్ని కష్టాలు వచ్చినా భరించడం. రెండోది, మునిసిపాలిటీ హద్దులు దాటి వెళ్లి వేరే చోట బతకడం. గోపాలకృష్ణయ్య గారు రెండో దారి ఎంచుకున్నారు. ఆయన మాట మీద సుమారు 15,000 జనాభాలో 13,000 మంది దాకా ఇళ్లకు తాళాలు వేసి ఊరి బయటకు వెళ్లిపోయారు. అక్కడ పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు.

ఒక్కసారి ఆ దృశ్యాన్ని ఊహించండి. ఊరంతా కదిలిందంటే బలమైన మగవాళ్లు మాత్రమే కదిలారని కాదు. పసిపిల్లలు, బాలింతలు, మంచం దిగలేని ముసలివాళ్లు కూడా కదిలారని అర్థం. మగ్గం మోయాలి, ధాన్యం మోయాలి, నడవలేని తాతనూ తీసుకెళ్లాలి. పందిరి కింద నీళ్లు అందించాలి. రాత్రి ఎవరికైనా జ్వరం వస్తే కనిపెట్టుకుని ఉండాలి. ఒక్క రోజు ఉత్సాహంతో అయ్యే పని కాదు. వాళ్లు అక్కడ ఉన్నది పదకొండు నెలలు. ఒక వేసవి, ఒక వానాకాలం, ఒక చలికాలం ఆ పాకల్లోనే గడిచాయి. ప్రజలు తమలోనుంచే పెద్దలను ఎన్నుకుని పంచాయతీ నడుపుకున్నారు, తగవులు తామే తీర్చుకున్నారు. రామదండు లాంటి సేవాదళం లేకుండా అంత పెద్ద శిబిరం అన్నాళ్లు నిలిచేది కాదు.

గెలుపు, ఓటమి

1921లోనే నిషేధాన్ని లెక్కచేయలేదని గోపాలకృష్ణయ్య గారిని బరంపురంలో అరెస్టు చేశారు. ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైలుకు పంపారు. నాయకుడు లేడు, చేతిలో డబ్బు లేదు. చివరకు ప్రజలు పాత ఇళ్లకు తిరిగి వెళ్లి మునిసిపాలిటీని ఒప్పుకోవలసి వచ్చింది. పైకి చూస్తే అది ఓటమే. కానీ ఒక చిన్న ఊరు ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా ఒక సామ్రాజ్యాన్ని పదకొండు నెలలు ఎదిరించిన సంగతి దేశమంతా విన్నది.

జైలు నుంచి వచ్చాక ఆయన ఆరోగ్యం, ఆర్థిక పరిస్థితి రెండూ కుదుటపడలేదు. క్షయ వ్యాధితో 1928 జూన్ 10న కన్నుమూశారు. అప్పటికి 39 ఏళ్లు నిండి వారం దాటింది. తనను పెంచిన నాయనమ్మ వయసు దాకా బతికే అదృష్టం ఆయనకు దక్కలేదు.

తల్లిదండ్రులుగా మనకు ఇక్కడ ఒక బెంగ కలగడం సహజం. విదేశాల్లో పెద్ద చదువు చదివిన మనిషి పేదరికంలో వెళ్లిపోవడం ఎవరు కోరుకుంటారు? మన పిల్లలను అలా బతకమని ఎవరూ అడగడం లేదు. రామదండులో చేరిన వాళ్లందరూ నాయకులు కాలేదు. మళ్లీ తమ మగ్గాల దగ్గరకు, పొలాలకు, కుటుంబాల దగ్గరకే వెళ్లారు. అయితే నలుగురికి అవసరమైన సమయంలో ఎలా నిలబడాలో నేర్చుకుని వెళ్లారు. మన పిల్లలకు కావలసింది కూడా అంతే.

మన పిల్లలకు దీన్ని ఎలా అందించాలి?

మన దగ్గర సేవ అంటే చాలాసార్లు ఏడాదికి ఒకసారి పళ్లు, బిస్కెట్లు పట్టుకుని వృద్ధాశ్రమానికి వెళ్లి ఫొటో దిగి రావడం. అది చెడ్డ పనేం కాదు. కానీ అక్కడున్న తాతగారికి పండు కన్నా వచ్చేవారం మళ్లీ వచ్చే పిల్లవాడు ముఖ్యం. ఒక్క రోజు వెళ్లిన పిల్లవాడు జాలి పడి వస్తాడు. పది వారాలు వెళ్లిన పిల్లవాడికి ఆ తాతగారి పేరు, ఆయన చేసిన ఉద్యోగం, ఆయనకు ఏ చెవి సరిగా వినపడదో కూడా తెలుస్తాయి. ఏ వైపు కూర్చుని మాట్లాడాలో తనంతట తానే గ్రహిస్తాడు. చెప్పిందే మళ్లీ చెబుతున్నా విసుక్కోకుండా వింటాడు. ఇవి ఏ పరీక్షలోనూ అడగరు. రేపు డాక్టరైనా, ఇంజనీరైనా, మేనేజరైనా అతని దగ్గరకు వచ్చిన మనిషి మొదట చూసేది మాత్రం ఇవే.

మొదలుపెట్టడానికి దూరం వెళ్లనక్కర్లేదు. మన ప్రాంతంలో పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడితే పెద్ద ఇళ్లలో ఒంటరిగా ఉంటున్న దంపతులు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఈ నెలలో ఇవి ప్రయత్నించి చూడండి.

మీ ఇంట్లో గాని, పక్కింట్లో గాని ఉన్న ఒక పెద్దాయనకో పెద్దావిడకో ఆదివారం ఒక గంట మీ అబ్బాయి లేదా అమ్మాయి సమయం కేటాయించండి. ఆ గంటలో ఫోన్ పక్కన పెట్టాలి.

మందుల చీటీ చదివి ఏది పొద్దున, ఏది రాత్రి అని పెద్ద అక్షరాలతో రాసిపెట్టే పని పిల్లలకు అప్పగించండి. రాసింది మీరు ఒకసారి సరిచూడండి.

ఈసారి తిరునాళ్లకు వెళ్లినప్పుడు క్యూలో నిలబడలేని ఒక పెద్దావిడకు నీడ చూపించి, మంచినీళ్లు ఇచ్చి రమ్మనండి.

చిన్నప్పుడు ఈ ఊరు ఎలా ఉండేదో, మున్నేరు పొంగితే ఏం చేసేవారో తాతయ్యనో అమ్మమ్మనో అడిగి ఒక పేజీ రాయమనండి. తెలుగులో రాస్తే మరీ మంచిది.

ఒక్క జాగ్రత్త. ఈ పనికి బహుమతి ప్రకటించకండి. వాట్సాప్ స్టేటస్‌లో ఫొటో పెట్టనివ్వకండి. మొదటి రెండు వారాలు పిల్లవాడు విసుక్కోవచ్చు, వెళ్లనని మొండికేయవచ్చు. మూడో వారం కూడా పంపండి. ఏదో ఒక ఆదివారం అతను వెళ్లడం ఆలస్యమైతే, ఆ పెద్దాయన గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తూ కనపడతారు. తన కోసం ఒక మనిషి ఎదురుచూస్తున్నాడని పిల్లవాడికి తెలిసిన రోజు నుంచి మీరు చెప్పాల్సిన అవసరం ఉండదు.

వచ్చే జూన్ 2న గోపాలకృష్ణయ్య గారి జయంతి. బడులు తెరిచే ముందు వచ్చే రోజు అది. వీలైతే పిల్లలను పెనుగంచిప్రోలు తీసుకెళ్లండి. అమ్మవారి దర్శనం అయ్యాక, ఇదే ఊళ్లో పుట్టిన తల్లిలేని మనవడిని ఒక నాయనమ్మ పెంచి పెద్ద చేసిందని, ఆ మనవడు ఒక ఊరి జనాన్నంతా వెంట నడిపించాడని చెప్పండి. పక్కన మీ అమ్మగారు కూడా ఉంటే, ఆ కథ ఆవిడ చేతే చెప్పించండి.