కల్నల్ కాలిన్ మెకంజీ – అమరావతి స్తూపము

కృష్ణానది దక్షిణ తీరాన, ప్రాచీన ధాన్యకటకంలో క్రీస్తు పూర్వమే వెలసి, శాతవాహనుల కాలంలో శిల్పశోభను సంతరించుకున్న బౌద్ధ మహాస్తూపం కాలక్రమంలో మట్టిదిబ్బగా మారింది. ప్రజలు దానిని దీపాలదిన్నె అనేవారు. ఆ దిన్నె విశిష్టతను లోకానికి తెలియజేసిన మహనీయుడు కాలిన్ మెకంజీ.

ఆయన 1754లో స్కాట్లండులోని లూయిస్ ద్వీపంలో జన్మించారు. 1783లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మదరాసు చేరారు. వృత్తి సైనిక ఇంజనీరు, ప్రవృత్తి చరిత్రాన్వేషణ. అయితే దేశభాషలు ఆయనకు పట్టుబడలేదు. ఆ లోటు తీర్చినవారు ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య మున్నగు సోదరులు. ఊరూరా కరణాలను కలిసి శాసనాలను, కైఫీయతులను సేకరించినది వీరూ, వీరి వంటి పండితులూ. బొర్రయ్య 1803లో పిన్నవయస్సులోనే కన్నుమూశారు. మెకంజీని కీర్తించేవారు ఈ తెలుగు బిడ్డలను విస్మరించడం న్యాయం కాదు.

18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతిని తన రాజధానిగా చేసుకొని, పట్టణ నిర్మాణానికి ఇటుకల కోసం, రాళ్ల కోసం దిన్నెను త్రవ్వించారు. శిల్పాలు బయల్పడిన వార్త విని మెకంజీ అక్కడికి వెళ్లారు. దానధర్మాలకు పేరొందిన ఆ ప్రభువుకు పరమత ద్వేషం అంటగట్టనక్కరలేదు. అది బౌద్ధ స్తూపమని ఆనాడు ఎరిగినవారెవరు? మెకంజీ సైతం జైన కట్టడమనే తలచారు.

పిదప మైసూరు సర్వే, జావా యుద్ధయాత్ర ఆయన కాలాన్ని హరించాయి. 1815లో భారతదేశ సర్వేయర్ జనరల్ పదవి లభించింది. 1816లో తిరిగి అమరావతి చేరేసరికి దిన్నె నడుమ చెరువు త్రవ్వబడి ఉంది. పలకలెన్నో మెట్లకు, కట్టడాలకు తరలిపోయాయి. స్తూపాన్ని నిలుపుట ఆయన చేతిలో లేదు. కొన్ని శిల్పాలను మచిలీపట్నానికి, కలకత్తాకు పంపారు. మిగిలినవాటిని కొలతలతో చిత్రింపజేసి, దిన్నె పటాన్ని గీయించారు.

1821 మే 8న కలకత్తా సమీపంలో ఆయన పరమపదించారు. ఆయన సేకరణను కంపెనీ కొనుగోలు చేసింది. శిథిలమవుతున్న కైఫీయతులకు సి.పి. బ్రౌన్ ప్రతులు వ్రాయించారు. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి మదరాసుకు చేర్చిన శిల్పాలలో వందకు పైగా 1859లో లండన్‌కు తరలాయి. తక్కిన శిల్పాల సంపద ఎగ్మూరు మ్యూజియంలో దర్శనమిస్తోంది. మెకంజీ గీయించిన కొన్ని పలకలు మాత్రం ఈ రెండు చోట్లా లేవు. వాటి రూపురేఖలు ఆ చిత్రాలలోనే ఉన్నాయి.