సమ్మక్క నిజంగ ఉండెనా?

ఈసారి గోడపత్రికకు ఒక గొప్పవారి జీవిత కథ రాయమన్నరు. గాంధీ గారి మీద, అంబేద్కర్ గారి మీద ముందే వేరేవాళ్ళు పేర్లిచ్చిన్రు. నేను సమ్మక్క మీద రాస్తనన్న. దానికి కారణముంది. సాంఘిక శాస్త్రంల కాకతీయుల పాఠం అయిపోయినంక మా క్లాసు పిల్లగాడొకడు, రుద్రమదేవి నిజం, సమ్మక్క ఉత్త కథ అన్నడు. వాడు గూడ మా కోయ పిల్లగాడే. నాకు కోపమొచ్చింది గాని నోటికి జవాబు రాలే. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా తాతను అడిగిన. వచ్చినంక లైబ్రరీల పుస్తకాలు తిరగేసిన. తెలిసినకాడికి రాస్తున్న.

మా తాత చెప్పిన తీరు ఇది. ఒకనాడు కోయ దొరలు అడవికి వేటకు పోయిన్రు. అక్కడ పులుల నడుమ ఒక చిన్న ఆడపిల్ల భయం లేకుండ ఆడుకుంట కనిపించింది. ఆమె ముఖంల వెలుగు చూసి దేవత బిడ్డ అనుకొని గూడేనికి తెచ్చుకున్నరు. సమ్మక్క అని పేరు పెట్టుకున్నరు. ఆమె వచ్చినంక గూడేనికి మంచి జరిగింది. చెయ్యి పెడితే రోగం తగ్గేదట. అందుకే వనదేవత అన్నరు. పుస్తకాలల్ల ఇంకో తీరు గూడ ఉంది. పొలవాసను ఏలిన మేడరాజు ఆమెను పెంచి, తన మేనల్లుడు పగిడిద్దరాజుకిచ్చి పెండ్లి చేసిండని రాసిన్రు. పొలవాస అంటే ఇప్పుడు జగిత్యాల దగ్గర ఉన్న పొలాసనే.

పగిడిద్దరాజు మేడారం ప్రాంతాన్ని ఏలిన కోయ రాజు, కాకతీయులకు సామంతుడు. సమ్మక్కకు ముగ్గురు పిల్లలు. సారలమ్మ, నాగులమ్మ, జంపన్న. సారలమ్మ భర్త గోవిందరాజు. ఇక్కడిదాకా మీకందరికీ తెలిసిందే.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది దీని తర్వాతి ముచ్చట. ఏండ్ల తరబడి వానలు పడలే. పంట లేదు, అడవిల దుంపలు గూడ దొరకని కాలం. జనానికే తిండి లేనప్పుడు ఓరుగల్లుకు కప్పం ఎక్కడినుంచి కట్టాలె? పగిడిద్దరాజు కట్టలే. దానికి తోడు ఓరుగల్లు సైన్యానికి ఓడిపోయి వచ్చిన మేడరాజుకు మేడారంల జాగ ఇచ్చిండు. ప్రతాపరుద్రునికి కోపమొచ్చి సైన్యాన్ని పంపిండు. మా ఊర్ల ఒక ఏడు మక్క మొత్తం ఎండిపోతే మా నాయిన అప్పు కట్టలేక షావుకారి వాకిట్ల పొద్దుందాక నిలబడ్డడు. నేను పక్కనే ఉన్న. పగిడిద్దరాజు కథ తాత చెప్తుంటే నాకు అదే యాదికొచ్చింది.

యుద్ధం మాఘ శుద్ధ పౌర్ణమి రోజులల్ల సంపెంగ వాగు దగ్గర అయిందంటరు. ఒకదిక్కు ఏనుగులు, గుర్రాలు ఉన్న రాజు సైన్యం. ఇంకోదిక్కు విల్లంబులు, బరిసెలు పట్టుకున్న మనోళ్ళు. పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజు ఒకరి తర్వాత ఒకరు చనిపోయిన్రు. ఆ మాట విని జంపన్న ఓర్చుకోలేక వాగుల దూకిండు. నీళ్ళు ఎర్రగ అయినయట. అప్పటినుంచి అది జంపన్న వాగు. జాతరకు పోయినోళ్ళు ముందు ఆ వాగుల తానం చేసి, ఆ తర్వాతనే గద్దెల దగ్గరికి పోతరు.

భర్త, పిల్లలు పోయినంక గూడ సమ్మక్క వెనక్కి తగ్గలే. ఎదురుగ నిలబడి ఆమెను గెలవలేక ఒక సైనికుడు వెనకనుంచి బల్లెంతో పొడిచిండు. ఆమె నెత్తురు కారుతుంటెనే చిలకలగుట్ట దిక్కు నడిచింది. మనోళ్ళు ఎంట పోయిన్రు గాని గుట్ట మలుపుల ఆమె కనిపించలే. దివిటీలు పట్టుకొని రాత్రంతా వెతికితే, నాగవృక్షం కింద పుట్ట దగ్గర ఒక కుంకుమ భరిణె దొరికింది. సమ్మక్కకు ఇప్పటికీ విగ్రహం లేదు, భరిణెనే ఆమె రూపం. గద్దె మీద నిలిపేది కంకవనం, అంటే వెదురు.

ఇగ మా దోస్తు అడిగిన సంగతి. రుద్రమదేవి నిజమైతే ఆమె మనుమడు ప్రతాపరుద్రుడు గూడ నిజమే. ఆయన ఏలింది 1289 నుంచి 1323 దాకా. సమ్మక్క మీదికి సైన్యం పంపింది ఈయననే అని ఎక్కువమంది చెప్తరు. 1323ల ఢిల్లీ సైన్యం ఓరుగల్లును గెలిచి ఆయనను పట్టుకపోతుంటే దారిల నర్మద ఒడ్డున చనిపోయిండు. మా తాత అది సమ్మక్క ఉసురు అంటడు. నేను ఆ మాట అనను, ఎందుకంటే ఢిల్లీ సైన్యం వచ్చింది వేరే కారణాలతోని.

అయితే ఇంకో సంగతి ఉంది. హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం 1163 నాటిది. కాకతి రుద్రదేవుడు మేడరాజును ఓడించిండని అందుల ఉంది. ఈ రుద్రదేవునికి గూడ ప్రతాపరుద్రుడనే పేరుంది. అంటే కథల ఉన్న మేడరాజు, శాసనంల ఉన్న మేడరాజు ఒకడే అయితే యుద్ధం ఇంకో నూరేండ్లకు పైగ ముందుకు పోతది. కాలం దగ్గర పేచీ ఉంది గాని మేడరాజు మాత్రం గాలికి పుట్టినోడు కాదు. ఒకటి గమనించండి. ఆ రాయి మీద రాయించింది గెలిచినోళ్ళు. ఓడిపోయినోళ్ళ ఆడవాళ్ళ పేర్లు వాళ్ళెందుకు రాయిస్తరు? మనోళ్ళు తమ పెద్దల కథలను పడిగె అనే బొమ్మల గుడ్డ మీద గీయించుకున్నరు, డోలి కొట్టుకుంట పాడించుకున్నరు. మనకు శాసనాలంటే అవే.

లైబ్రరీల ఇంకో పుస్తకంల గిల్గమేష్ అనే రాజు కథ చదివిన. ఇప్పటి ఇరాక్ దేశంల ఊరుక్ అనే పట్నాన్ని ఏలినోడు, నాలుగువేల ఏండ్లకు పైగ అయింది. అతనిల రెండు పాళ్ళు దేవుడు, ఒక పాలు మనిషి అని వాళ్ళు నమ్మిన్రు. అతని దోస్తు ఎంకిడు అడవిల జంతువుల నడుమ పెరిగినోడు, మన సమ్మక్క పులులతోని ఆడుకున్నట్లు. రాజుల పట్టికల గిల్గమేష్ 126 ఏండ్లు ఏలిండని ఉంది. ఎవరు నమ్ముతరు? అయినా అటువంటి రాజు ఉండే ఉంటడని చాలామంది చరిత్రకారులు అంటరు. మరి మన సమ్మక్క దగ్గర పులి, వెలుగు ఉన్నయని ఆమెను ఉత్త కథ అంటే ఎట్ల? వాళ్ళ కథ మట్టి పలకల మీద రాసుంది. ఆ పలకలు మట్టిల పూడిపోయి దాదాపు రెండువేల ఏండ్లు ఎవరికీ యాదిలేకుండ పోయింది. తవ్వి తీసినంక, 1872ల ఒక ఇంగ్లీషాయన అందుల వరద కథ చదివి లోకానికి చెప్పిండు. ఇప్పుడు గిల్గమేష్‌కు కొబ్బరికాయ కొట్టేటోళ్ళు లేరు.

మన దగ్గర అట్ల కాలే. మేడారం మొదట వరంగల్ జిల్లాలనే ఉండె, 2019 నుంచి ములుగు జిల్లా. జాతర రెండేండ్లకోసారి, నాలుగు దినాలు. 2024 ఫిబ్రవరి జాతరకు నేను మా అవ్వ చెయ్యి పట్టుకొని పోయిన. మొదటి దినం బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ వచ్చింది. తెల్లారి చిలకలగుట్ట నుంచి సమ్మక్కను కోయ వడ్డెలు తెచ్చిన్రు. పోలీసులు పైకి తుపాకులు పేల్చిన్రు, నేను చెవులు మూసుకున్న. శనివారం తల్లులు మళ్ళ అడవికి పోయిన్రు. మా అవ్వ మొక్కుకున్నట్లు నా ఎత్తు బంగారం, అంటే బెల్లం, తూకమేయించి ఇచ్చింది. నేనప్పుడు బక్కగుంటి, అవ్వకు ఖర్చు తక్కువైంది.

మా దోస్తుకు ఇదే జవాబు. ఇంక వాడు నమ్ముతడో లేదో. పడిగె కథ ఒక్కో గట్టోళ్ళు ఒక్కో తీరుగ చెప్తరని తాత అన్నడు. అందుకే చార్టు కింద జానెడు జాగ విడిచిన. మీ ఇంట్ల సమ్మక్క కథ వేరే తీరుగ చెప్తే అక్కడ పెన్సిల్‌తోని రాయండి.