బల్ల మీద యుద్ధానికి తీర్పరిని తెచ్చిన లెఫ్టినెంట్

కిందటి వేసవి సెలవుల్లో మా మనవడు భోజనాల బల్లను ఆక్రమించాడు. పుస్తకాలు పేర్చి, పైన ఆకుపచ్చ దుప్పటి కప్పి గుట్టలు చేశాడు. ఇటు నెపోలియన్ దళాలు, అటు ప్రష్యన్లు. వేలి కణుపంత బొమ్మలు, ఒక్కోదానికీ వాడే రంగులు వేసుకున్నాడు. స్కేలుతో దూరం కొలిచి దళాలను జరపడం, పాచికలు వేసి నష్టం తేల్చడం, ఇదీ ఆట. గంట తిరక్కుండానే స్నేహితుడితో గొడవ. గుట్ట చాటున ఉన్న ప్రష్యన్ దళానికి ఫిరంగి దెబ్బ తగిలినట్టా, కాదా? తాతయ్య సైన్యంలో పనిచేశాడు గనక తీర్పు ఆయనే చెప్పాలన్నారు.

ఆ కుర్చీలో కూర్చోగానే నాకు గుర్తొచ్చిన మనిషి గియోర్గ్ ఫాన్ రైస్‌విట్జ్. యుద్ధక్రీడల చరిత్ర ఎక్కడ చెప్పినా ముందు వినిపించే పేరు అదే. నిజానికి ఆ పేరుతో ఇద్దరున్నారు, తండ్రీ కొడుకులు.

తండ్రి బ్రెస్లావ్‌లో పౌర అధికారి. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. 1806లో యేనా దగ్గర నెపోలియన్ చేతిలో ప్రష్యా చిత్తయింది. ఆ అవమానం రగులుతున్న రోజుల్లో ఆయన ఒక యుద్ధపు ఆట తయారుచేశాడు. అంతకుముందు ఆటలన్నీ మన చతురంగం సంతతే. 1780లో బ్రన్స్‌విక్‌లో హెల్విగ్ చేసిన ఆట కూడా పెద్ద చదరంగం పలకే. పెద్ద రైస్‌విట్జ్ గళ్లు తీసేశాడు. రాజుగారికి ఇసుక బల్ల చూపడం మర్యాద కాదనుకుని, సొరుగులున్న పెద్ద బల్ల చేయించాడు. కొండలు, నదులు, ఊళ్లు ఉన్న పలకలను ఎటు కావాలంటే అటు అమర్చుకోవచ్చు. 1812లో అది పోట్స్‌డామ్ రాజభవనానికి చేరింది. రాజకుటుంబం ముచ్చటపడి ఆడుకుంది. అక్కడితో అది రాజుగారింటి వినోదమైంది.

దాన్ని సైన్యానికి పనికొచ్చే సాధనంగా మార్చింది కొడుకు. 1794లో పుట్టిన ఈయన ఫిరంగిదళ అధికారి. బెర్లిన్‌లో లెఫ్టినెంట్‌గా ఉండగా తోటి కుర్ర అధికారులను పోగేసి తండ్రి ఆటను విప్పి మళ్లీ కట్టాడు. ఖరీదైన బల్ల పోయి 1:8000 కొలతతో గీసిన అసలు సైనిక పటం వచ్చింది. దళాలకు ఎరుపు, నీలం రంగుల చిన్న దిమ్మలు. ఒక్కో ఎత్తుకు యుద్ధకాలంలో రెండు నిమిషాలు. ఆ వ్యవధిలో పదాతిదళం ఎంత దూరం నడుస్తుందో, గుర్రం ఎంత పరుగెడుతుందో అంతే జరపాలి. కాల్పుల నష్టాన్ని ఊహకు వదలలేదు. షార్న్‌హార్స్ట్ తుపాకులు, ఫిరంగులు పేల్చి చూసి నమోదు చేసిన ఫలితాల ఆధారంగా పట్టికలు వేశాడు. అదృష్టం వంతుకు పాచిక ఉండనే ఉంది.

నా దృష్టిలో ఆయన అసలు ఘనత మరొకటి. ఆటగాళ్లు ఇద్దరి మధ్య తీర్పరిని కూర్చోబెట్టాడు. ఆటగాళ్లు తమ ఆజ్ఞలను కాగితం మీద రాసి ఆయనకిస్తారు. శత్రువు కంటపడే దళాలనే ఆయన పటం మీద పెడతాడు. ఆజ్ఞ మోసుకెళ్లే రౌతుకు పట్టే సమయం గడిచాకే దళం కదులుతుంది. పటం మీద లేని శత్రువు ఎక్కడో ఉన్నాడన్న భయం అలా ఆటలోకి వచ్చింది. సేనాని నిజంగా బతికేది ఆ భయంలోనే.

1824లో యువరాజు విల్హెల్మ్ ఈ ఆట చూసి జనరల్ స్టాఫ్ అధిపతి మఫ్లింగ్‌కు సిఫారసు చేశాడు. మఫ్లింగ్ సామాన్యుడు కాదు, వాటర్లూలో వెల్లింగ్టన్ పక్కన ప్రష్యా ప్రతినిధిగా ఉన్నవాడు. మొదట ముభావంగా కూర్చున్నాడట. ఆట సాగేకొద్దీ ఉత్సాహం పెరిగి, ఇది ఆట కాదు, యుద్ధానికి శిక్షణ అని తేల్చేశాడు. సైనిక వారపత్రికలో తానే సిఫారసు రాశాడు. ప్రతి రెజిమెంటుకూ ఒక పెట్టె పంపాలని రాజాజ్ఞ వెలువడింది.

ముప్పై ఏళ్ల లెఫ్టినెంట్‌కు అంత పేరు వస్తే పైవాళ్లకు నచ్చుతుందా? కుర్రాళ్లు కాగితం మీద డివిజన్లు నడిపి, తెల్లారి కవాతు మైదానంలో పెద్దల మాట వింటారా అని గొణుగుడు మొదలైంది. 1826లో ఆయనను కెప్టెన్‌ను చేసి టోర్గావ్‌కు పంపారు. కాగితం మీద అది పదోన్నతి. ఆయనకు మాత్రం బెర్లిన్ నుంచి వెలివేతగా తోచింది. 1827లో తన ప్రాణం తానే తీసుకున్నాడు. అప్పటికి 33 ఏళ్లు.

ఆట మాత్రం బతికింది. దాన్ని ఇష్టపడిన కుర్ర అధికారుల్లో మోల్ట్‌కే ఒకడు. అతని నాయకత్వంలో ప్రష్యా 1866లో ఆస్ట్రియాను, 1870-71లో ఫ్రాన్స్‌ను ఓడించాక ఇతర సైన్యాలూ ఈ ఆట వెంట పడ్డాయి. పట్టికలు మోయలేని బరువయ్యాయని 1876లో వెర్డీ డు వెర్నువా వాటిని తీసేసి, అంతా తీర్పరి అనుభవానికే వదిలేశాడు. ఆట వేగం పుంజుకుంది. తీర్పరిని వంచడమూ తేలికైంది.

ఈ మాట అనుభవంతోనే అంటున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక యుద్ధక్రీడలో నేను అంపైర్‌కు సహాయకుణ్ణి. ఎక్కడో, ఎవరి కిందో చెప్పను. దాడి చేసే పక్షాన్ని పెద్దాయన స్వయంగా నడుపుతున్నారు. ఆయన బలగం నది దాటేచోట ఇరుక్కుంది. లెక్క ప్రకారం మూడో వంతు పోయింది. టీ తాగి వచ్చేసరికి వంతెన ఆరు గంటలు ముందే సిద్ధమైపోయింది. ఎవరూ నోరెత్తలేదు. ఆ పూట నివేదిక రాసింది నేనే. కొత్త లెక్కే రాశాను.

జపాన్ నౌకాదళమూ 1942 మేలో ఇదే చేసింది. మిడ్‌వే దాడికి ముందు ఆడిన ఆటలో మునిగిన విమానవాహక నౌకను తీర్పరి స్థానంలో ఉన్న పెద్ద అధికారి మళ్లీ తేల్చాడు. జూన్‌లో అసలు సముద్రంలో నాలుగు మునిగాయి.

మన దగ్గర జరిగింది వేరు. 1960 మార్చిలో లక్నోలో ఈస్టర్న్ కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ థోరట్ లాల్ ఖిలా పేరుతో కసరత్తు జరిపారు. చైనా నేఫాలోకి, అంటే నేటి అరుణాచల్‌లోకి దిగితే ఏమవుతుందన్నది ప్రశ్న. ఉన్న బలంతో సరిహద్దును నిలుపుకోలేమన్నది జవాబు. ఆ అంచనా సైన్యాధిపతి తిమ్మయ్య ద్వారా రక్షణమంత్రి కృష్ణ మేనన్ దాకా వెళ్లింది. ఆయన కొట్టిపారేశారు. అక్కడ తీర్పరి వంగలేదు, తీర్పు విన్నవారు లేరు. రెండేళ్ల తర్వాత అక్టోబరులో చైనా దళాలు దిగాయి.

మా ఇంటి గుట్ట సంగతి చెప్పలేదు కదూ. దెబ్బ తగల్లేదనే చెప్పాను. ఫిరంగి మావాడిది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.